పేపర్ పెట్టే ముందు: ఆఫీసులో వేధింపులు పడుతున్నవాళ్లు చేయాల్సిన పనులు

బెంగళూరులో మన తెలుగువాళ్లు "రేపే పేపర్ పెట్టేస్తా" (రాజీనామా ఇచ్చేస్తా) అనేది పని ఎక్కువైనప్పుడు కాదు, పని చేయించే మనిషి నోరు భరించలేనప్పుడు. రాత్రి పదింటికి మారతహళ్లి పీజీలో కంచం ముందు కూర్చుని, పొద్దున కాల్‌లో పదిమంది ముందు పడ్డ మాటలు తలుచుకుంటూ అంటారు. మీ పరిస్థితీ అదే అయితే ఇది మీకోసమే రాశాను. ఉద్యోగం మానేయమని చెప్పను, ఓర్చుకోమనీ చెప్పను. ముందు బయటపడే దారి సిద్ధం చేసుకోండి, ఉండాలో వెళ్లాలో ఆ తర్వాత తేల్చుకోండి అని మాత్రం గట్టిగా చెబుతాను.

దానికి కారణం ఉంది. కింద పనిచేసేవాళ్లని చిన్నబుచ్చుతూ, వేధిస్తూ ఉండే పైఅధికారుల గురించి బెన్నెట్ టెప్పర్ అనే అమెరికా పరిశోధకుడు 2000లో ఒక అధ్యయనం ప్రచురించాడు. అలాంటి బాస్ కింద ఉన్నవాళ్లు ఉద్యోగం వదిలేసే అవకాశం ఎక్కువని తేలింది. వదలకుండా ఉండిపోయినవాళ్లకి ఉద్యోగం మీదే కాదు, జీవితం మీదే తృప్తి తగ్గింది, మనోవ్యథ పెరిగింది, ఉద్యోగానికీ ఇంటికీ మధ్య నలిగిపోవడమూ పెరిగింది. అన్నిటికంటే మనం పట్టించుకోవాల్సింది ఇంకొకటి. వేరే చోట ఉద్యోగం దొరకడం కష్టమనుకునేవాళ్ల మీద ఈ దెబ్బ ఇంకా గట్టిగా పడింది. మనవాళ్లలో ఎంతమందికి ఈ మాట వర్తిస్తుందో చూడండి. ఊళ్లో కట్టే ఇంటి లోను, చెల్లి పెళ్లి, ట్రైనింగ్ బాండు (గడువుకి ముందే మానేస్తే డబ్బు కట్టాలన్న ఒప్పందం), "బెంగళూరులో సాఫ్ట్‌వేర్" అని చెప్పి చూస్తున్న సంబంధాలు, ఇవన్నీ కలిసి తలుపు మూసేసినట్టు అనిపిస్తుంది. ఆ తలుపు నిజంగా మూసి ఉందా లేదా అన్నది చూసుకోవడమే సగం వైద్యం.

ముందుగా, ఇది కఠినత్వమా వేధింపా తేల్చుకోండి

గడువు దగ్గరపడితే మేనేజర్ గొంతు పెంచడం, కోడ్‌లో తప్పు ఉంటే మొహమాటం లేకుండా చెప్పడం, తక్కువ రేటింగ్ ఇచ్చి కారణం వివరించడం వేధింపు కాదు. బాధ కలిగించొచ్చు, కానీ అది పనికి సంబంధించిన మాట. తేడా తెలియాలంటే మూడు ప్రశ్నలు వేసుకోండి. తిట్టింది పనినా, మనిషినా? అదే తప్పు ఇంకొకరు చేస్తే ఇలాగే అంటున్నాడా? ఇది ఒక్కసారి జరిగిందా, మళ్లీ మళ్లీ జరుగుతోందా?

"ఈ రిపోర్టులో మూడో కాలమ్ తప్పు" అంటే పని. "ఏ కాలేజీలో చదివావు, డబ్బు కట్టి పాసయ్యావా" అంటే మనిషి. మీ ఇంగ్లిష్ యాసని అనుకరించి నవ్వించడం, మీరు చేసిన పనిని తన పేరు మీద పైకి పంపడం, మీటింగ్ ఇన్వైట్ మీకొక్కరికే రాకుండా చూడటం, నాన్నకి ఆపరేషన్ అన్నా లీవు ఇవ్వకపోవడం, "అప్రైజల్ నా చేతిలోనే ఉంది" అని ఊరికే గుర్తు చేస్తుండటం వేధింపులే. గట్టిగా అరిస్తేనే వేధింపు అనుకోకండి. నెలల తరబడి మీతో మాట్లాడకుండా, పని ఇవ్వకుండా కూర్చోబెట్టడం అరుపుల కంటే ఎక్కువ కుంగదీస్తుంది.

మనవాళ్ల విషయంలో ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. బాస్ తెలుగువాడైతే "మనోడే కదా" అని మొదట సంతోషిస్తాం. కొన్నాళ్లకి ఆ చనువే ముప్పు అవుతుంది. మిగతావాళ్లకి మర్యాదగా మెయిల్ పెట్టే మనిషి మీకు శనివారం రాత్రి ఫోన్ చేసి "ఏరా, ఊరికి వెళ్లావా? ఎవడు వెళ్లమన్నాడు?" అంటాడు. అన్నలాంటివాడని మీరు ఊరుకుంటారు. ఊరికి బయల్దేరి మడివాలలో బస్సు ఎక్కినవాళ్లు కూడా ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పని చేసేది ఇలాంటి అన్నల వల్లే. ప్రాంతం, భాష, కులం కలిసినంత మాత్రాన అది ప్రేమ అయిపోదు. అలాగే టీమ్‌లో నలుగురు తెలుగువాళ్లం ఉండి, తెలుగు రాని ఒకరిని పక్కన పెట్టి మనలో మనం మాట్లాడుకుంటూ ఉంటే, అప్పుడు వేధించేది మనమే.

ఒంటిని, మనసుని పరీక్షించుకోండి

వేధింపు ముందు ఒంట్లోనే బయటపడుతుంది. మెయిల్ మోగితే గుండె దడ, ఆదివారం సాయంత్రం నుంచే కడుపులో తిప్పడం, తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి ఇక నిద్ర పట్టకపోవడం, తలనొప్పి, బీపీ పెరగడం. ఇంట్లోవాళ్ల మీద అకారణంగా విసుక్కోవడం కూడా ఇందులో భాగమే. ఆఫీసులో నోరెత్తలేని కోపం ఇంట్లో అమ్మ మీదో భార్య మీదో తీరుతుంది. పాపం, వాళ్లకి కారణం కూడా తెలియదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఖరారు చేసిన వ్యాధుల వర్గీకరణలో బర్నౌట్‌కి చోటిచ్చింది. దాన్ని జబ్బుగా కాదు, ఉద్యోగ పరిస్థితుల వల్ల వచ్చే స్థితిగా వర్ణించింది. శక్తి అంతా అయిపోయినట్టు ఉండటం, పని మీద మనసు విరిగిపోవడం, ఏం చేసినా సరిగ్గా చేయలేకపోతున్నాననిపించడం దాని లక్షణాలు. మూడోది ప్రమాదకరం. మంచి ఇంజనీరు కూడా "నాకే చేతకాదేమో, వాడు అన్నది నిజమేనేమో" అనుకోవడం మొదలుపెడతాడు. అలా నమ్మిన రోజు నుంచి వేరే ఇంటర్వ్యూలకి కూడా వెళ్లడు.

రెండు మూడు వారాలు నిద్ర సరిగా లేకపోతే ఆగకుండా సాయం తీసుకోండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన ఉచిత సేవ ఇది, తెలుగులో మాట్లాడొచ్చు. హోసూరు రోడ్డులో మానసిక వైద్యానికి పేరున్న నిమ్‌హాన్స్ ఆసుపత్రి ఉంది. అంత పెద్ద ఆసుపత్రికి వెళ్లడానికి జంకితే బీటీఎం లేఔట్‌లో నిమ్‌హాన్స్ వాళ్లదే వెల్‌బీయింగ్ సెంటర్ ఉంది. జీతం 21,000 లోపు ఉండి ఈఎస్ఐ కట్ అవుతుంటే, డాక్టర్ సర్టిఫికెట్ మీద సిక్‌నెస్ బెనిఫిట్ కూడా వస్తుంది. షోరూముల్లో, బీపీవోల్లో పనిచేసే మనవాళ్లలో చాలామందికి ఈ సంగతే తెలియదు.

చచ్చిపోవాలనే ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, కింద రాసినవన్నీ పక్కన పెట్టండి. ఇప్పుడే 14416కి ఫోన్ చేయండి, పక్క గదిలో ఉన్న మనిషిని లేపి చెప్పండి. ఏ ఉద్యోగమూ అంత విలువైనది కాదు.

రోజూ రాసి పెట్టండి

ఇదే అన్నిటికంటే ముఖ్యమైన పని, ఇదే ఎవరూ చేయనిది. ఆరు నెలల తర్వాత హెచ్‌ఆర్ ముందు కూర్చుని "ఎప్పుడూ అవమానిస్తాడు సార్" అంటే ఆ మాటకి బలం ఉండదు. సొంత నోటుబుక్కులో, జరిగిన రోజే, ఇలా రాయండి:

"మార్చి 12, బుధవారం, ఉదయం 11:20. టీమ్ కాల్, తొమ్మిది మంది ఉన్నాం. టెస్టింగ్ ఒక రోజు ఆలస్యమవుతుందన్నాను. 'నీలాంటివాళ్లని తీసుకోవడమే మా తప్పు, ఊరెళ్లి వ్యవసాయం చేసుకో' అన్నాడు. ఇద్దరు నవ్వారు. ఆలస్యానికి కారణం సర్వర్ రాకపోవడం. దాని గురించి సోమవారమే మెయిల్ పెట్టాను. మధ్యాహ్నం అన్నం తినలేకపోయాను."

తేదీ, సమయం, అన్న మాట అన్నట్టుగానే, ఎవరెవరు ఉన్నారు, మీ వైపు ఆధారం, మీ మీద ప్రభావం. ఇవి ఉంటే చాలు. "అతను శాడిస్టు" లాంటి మీ తీర్పులు రాయకండి.

నోటిమాటగా చెప్పిన ఆదేశాలకి తర్వాత చిన్న మెయిల్ పెట్టండి. "ఇందాక ఫోన్లో చెప్పినట్టు, ఆదివారం కూడా పనిచేసి సోమవారం ఉదయానికి ఇవ్వమన్నారు. నేను అర్థం చేసుకున్నది సరైనదేనా?" అన్నంత మామూలుగా ఉండాలి. జవాబు రాకపోయినా మీ మెయిల్ రికార్డులో ఉంటుంది. ఆఫీసు ఫైళ్లు, క్లయింటు డేటా మాత్రం సొంత మెయిల్‌కి పంపుకోకండి. వేధింపు సంగతి పక్కకి పోయి, డేటా బయటికి పంపాడన్న నేరం మీ మీద పడుతుంది. అలా ఇరుక్కున్నవాళ్లు ఉన్నారు.

నోరు విప్పండి, కానీ వరస తప్పకండి

భయం లేని పరిస్థితి అయితే మొదట ఆ మనిషితోనే, ఒంటరిగా, ఒకసారి మాట్లాడండి. పోట్లాట వద్దు. "పనిలో తప్పు ఉంటే చెప్పండి, సరిచేసుకుంటాను. అందరి ముందు వ్యక్తిగతంగా అనడం వల్ల నేను పని మీద మనసు పెట్టలేకపోతున్నాను" అంటే చాలు. కొందరు నిజంగానే తగ్గుతారు, ఎందుకంటే అప్పటిదాకా వాళ్లకి ఎవరూ ఎదురు చెప్పలేదు. లైంగిక వేధింపు అయినా, చెయ్యి చేసుకున్నా ఈ మెట్టు అక్కర్లేదు. నేరుగా ఫిర్యాదే.

తగ్గకపోతే మేనేజర్ పైవాళ్లకి, హెచ్‌ఆర్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి. హెచ్‌ఆర్‌లో మంచివాళ్లు ఉంటారు, కానీ వాళ్లు కంపెనీ మనుషులు. వాళ్ల ముందు కన్నీళ్లు పెట్టుకోవడం కంటే, తేదీలతో ఒక పేజీ కాగితం పెట్టి "నన్ను వేరే టీమ్‌కి మార్చండి" అని స్పష్టంగా ఒక కోరిక కోరడం బాగా పనిచేస్తుంది. కోరిక లేని ఫిర్యాదుకి "చూస్తాం" అనే జవాబే వస్తుంది.

లైంగిక వేధింపుకి 2013 చట్టం ఉంది. పదిమంది, అంతకంటే ఎక్కువ ఉన్న ప్రతి ఆఫీసులో అంతర్గత కమిటీ ఉండాలి. దాని అధ్యక్షురాలు మహిళే, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలే, బయటి నుంచి ఒకరు ఉండాలి. చివరి ఘటన జరిగిన 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో 3 నెలలు పొడిగించొచ్చు. విచారణ 90 రోజుల్లో ముగించాలి. ఈలోపు మిమ్మల్నో అతన్నో వేరే చోటికి మార్చమని, సెలవు ఇవ్వమని అడగొచ్చు. చిన్న ఆఫీసు అయినా, వేధించింది యజమానే అయినా జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. మూడు నెలల గడువుని గుర్తుంచుకోండి. "పెళ్లి సంబంధాలు చూస్తున్నారు, అల్లరవుతుంది" అని ఆగి ఆగి ఆ గడువు దాటబెట్టుకునే ఆడపిల్లలే ఎక్కువ. ఈ చట్టం కింద మగవాళ్లు ఫిర్యాదు చేయలేరు. వాళ్లు కంపెనీ ప్రవర్తనా నియమావళి కింద ఇవ్వాలి.

ఎస్సీ, ఎస్టీ ఉద్యోగిని నలుగురిలో కులం పేరుతో అవమానిస్తే అది హెచ్‌ఆర్ తేల్చే విషయం కాదు. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం, పోలీస్ స్టేషన్‌కి వెళ్లొచ్చు.

బాస్ కేకలకి, అవమానాలకి విడిగా ఇంత గట్టి చట్టం లేదు. అయినా చేతులు ఖాళీ కాదు. కర్ణాటకలో ఐటీ కంపెనీలకి స్టాండింగ్ ఆర్డర్ల (ఉద్యోగ నియమాలు రాతపూర్వకంగా ఉండాలనే చట్టం) నుంచి మినహాయింపు ఇచ్చినప్పుడు ప్రభుత్వం కొన్ని షరతులు పెట్టింది. యాజమాన్యం, ఉద్యోగులు సమానంగా ఉండి ఫిర్యాదులు వినే గ్రీవెన్స్ కమిటీ వాటిలో ఒకటి. మీ కంపెనీలో అది ఎవరెవరితో ఉందో మెయిల్‌లో అడగండి. ఆ ఒక్క ప్రశ్నకే కొన్నిచోట్ల హెచ్‌ఆర్ స్వరం మారుతుంది. బన్నేరుఘట్ట రోడ్డులో డెయిరీ సర్కిల్ దగ్గర కార్మిక భవన్‌లో కార్మిక శాఖ ఉంది. ఐటీ ఉద్యోగుల సంఘం కిటు 2017 నుంచి పనిచేస్తోంది, 2024లో 14 గంటల పనిదినం ప్రతిపాదన మీద గట్టిగా పోరాడింది కూడా. యూనియన్ అంటే మనవాళ్లు భయపడతారు. ఒంటరిగా వెళ్లి ఓడిపోవడం కంటే, ఇలాంటి కేసులు చూసినవాళ్ల సలహా తీసుకోవడంలో తప్పేముంది?

ఇదంతా జరుగుతుండగానే దారి సిద్ధం చేసుకోండి

మొదట డబ్బు. పీజీ, తిండి, ఈఎంఐలు, ఇంటికి పంపేది కలిపి నెల ఖర్చు ఎంతో రాసి, కనీసం నాలుగు నెలలకి సరిపడా పోగేయండి. అద్దె ఇంట్లో ఉంటే అడ్వాన్సు డబ్బు కూడా లెక్కలో వేసుకోండి, అయితే అది ఖాళీ చేస్తేనే తిరిగి వస్తుంది. కంపెనీ ఇన్సూరెన్స్‌లో అమ్మానాన్నలు ఉంటే చివరి పనిదినంతో వాళ్లకీ రక్షణ పోతుంది. అదే బీమా సంస్థలో సొంత పాలసీకి మారే వీలుందేమో ముందే అడగండి.

పీఎఫ్ తీసేసుకోకండి, కొత్త కంపెనీకి మార్చుకోండి. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. ఇదే కంపెనీలో ఐదేళ్లకి రెండు మూడు నెలలే తక్కువైతే గ్రాట్యుటీ (ఇన్నేళ్లు పనిచేసినందుకు వెళ్లేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు) లెక్క కూడా చూసుకోండి. లెక్కలోకి వచ్చే నెల వేతనం 30,000 అయితే, దాన్ని 26తో భాగించి, 15తో, ఐదేళ్లతో గుణిస్తే దాదాపు 86,500 వస్తుంది. ఆ డబ్బు కోసం ఆగగలరా, ఆగితే మీ ఆరోగ్యం ఏమవుతుంది అన్నది మీరే తూకం వేసుకోవాలి. రోజూ మాత్ర వేసుకుని ఆఫీసుకి వెళ్తున్న మనిషికి నేనైతే ఆగమని చెప్పను.

బాండు గురించి రెండు తప్పుడు నమ్మకాలు ఉన్నాయి. "బాండ్లు అసలు చెల్లవు" అనేది ఒకటి. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక బ్యాంకు ఉద్యోగి కేసులో 2 లక్షల బాండు చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. "బాండు ఉంటే కదలలేం" అనేది రెండోది. కంపెనీ డబ్బు అడగగలదే గానీ, మిమ్మల్ని బలవంతంగా కూర్చోబెట్టి పని చేయించలేదు. కాగితం తీసి ఎంత మొత్తం, ఎన్నాళ్లు అన్నది చదవండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర ఉంటే ఇప్పుడే వెనక్కి అడగండి.

ఇంటికి చెప్పడం వీటన్నిటికంటే కష్టం. "ఎక్కడైనా ఇంతేరా, సర్దుకుపో" అంటారు నాన్న. ఆయన తప్పు లేదు, ఆయనకి తెలిసిన ఉద్యోగాలు వేరు. "మానేస్తున్నా" అని మొదలుపెట్టకండి. "నిద్ర పట్టడం లేదు, డాక్టర్ దగ్గరికి వెళ్లాను, వేరే ఉద్యోగం చూసుకుంటున్నా, ఇన్ని నెలలకి డబ్బు ఉంది" అని చెప్పండి. చాలామంది తల్లిదండ్రులు భయపడేది ఉద్యోగం పోతుందని కాదు, ముందు ఏమవుతుందో తెలియకుండా పోతుందని.

తేల్చుకోండి

ఫిర్యాదు తర్వాత మాటతీరు మారిందా, టీమ్ మార్చారా, మీ నిద్ర తిరిగి వచ్చిందా? వచ్చి ఉంటే ఉండొచ్చు. నోటుబుక్కులో పేజీలు నిండుతూనే ఉంటే, ఫిర్యాదు చేశాక రేటింగ్ తగ్గితే, వెళ్లండి. వీలైతే చేతిలో ఆఫర్ లెటర్ ఉండగా.

ఈలోపు వాళ్లే మిమ్మల్ని గదిలోకి పిలిచి, ముందే టైపు చేసిన రాజీనామా ఇచ్చి "సంతకం పెట్టు, లేకపోతే తీసేస్తాం, రికార్డు పాడవుతుంది" అనొచ్చు. అక్కడికక్కడే సంతకం పెట్టకండి. "చదువుకుని రేపు చెబుతాను" అని లేచి రండి. బయటికి రాగానే జరిగిందంతా మెయిల్‌లో హెచ్‌ఆర్‌కి రాయండి. మీరే రాజీనామా చేసినట్టయితే, తీసేసినప్పుడు ఉండే హక్కులు చాలావరకు పోతాయి.

మీ అంతట మీరే రాజీనామా రాస్తే రెండు వాక్యాలు చాలు. తేదీ, నోటీసు గడువు. కోపం అందులో పెట్టకండి. వేధింపు గురించి విడిగా ఫిర్యాదు ఉంది కదా. తొంభై రోజుల నోటీసు ఉంటే, మిగిలిన లీవులు సర్దుబాటు చేయమని, బైఔట్ (మిగిలిన నోటీసు రోజులకి డబ్బు కట్టి ముందే వెళ్లడం) ఇవ్వమని అడగండి. రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్, ఫారం 16, చివరి జీతం స్లిప్పులు అందేదాకా వెంటపడండి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినవాళ్లకి రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. "మా పాలసీ నలభై ఐదు రోజులు" అంటే ఈ సంగతి మర్యాదగా మెయిల్‌లో గుర్తు చేయండి.

కొత్త చోట చేరాక కొన్నాళ్లు పాత భయం వెంటాడుతుంది. కొత్త మేనేజర్ "ఒక్క నిమిషం మాట్లాడదామా" అని పింగ్ చేసినా చేతులు వణుకుతాయి. మామూలే. కౌన్సెలింగ్ మధ్యలో ఆపేయకండి. పాత టీమ్‌లో మీ తర్వాత ఆ మనిషి కింద చేరినవాళ్లు ఎవరైనా ఫిర్యాదు పెట్టి సాక్ష్యం అడిగితే, ఆ నోటుబుక్కు తీసి మీ తేదీలు ఇవ్వండి.